మూడున్నరకీ అయిదుంపావుకీ మధ్య

పెట్రోలు బంకులో సైకిలు చక్రానికి గాలి పట్టించుకుంటున్న రుజువుమాస్టారికి ఆ మాట వీపు వెనక నుంచి వినిపించింది.

"అదిగోరా, మూడున్నర వచ్చాడు!"

ఆదివారం పొద్దున్నే మోటారుసైకిళ్ళ క్లబ్బువాళ్ళు ఊరు దాటబోయే ముందు అక్కడ కలుసుకుంటారు. తోలు చొక్కాలు, కొత్త బళ్ళు, పెద్ద గొంతులు. అందరూ ఒక్కసారి ఘొల్లుమన్నారు. ఆ నవ్వుల మధ్యకు పాత స్కూటరు మీద వచ్చి దిగినవాడు మాస్టారి అల్లుడు.

"ఇంటి నుంచి ఎంతసేపట్లో వచ్చావు గురూ? అర సెకనా?"

"ఛ, వీడు బయల్దేరకముందే చేరిపోతాడు కదరా!"

అల్లుడూ వాళ్ళతోపాటే నవ్వాడు. మంచి భారీ మనిషి, నవ్వితే భుజాలు కదులుతాయి. నవ్వుతూనే ట్యాంకు మూత తీయడానికి అటు తిరిగాడు. తిరగగానే ఆ నవ్వు ముఖం మీంచి జారిపోవడం మాస్టారు చూశారు. చూస్తూ చూస్తూ చక్రానికి గాలి ఎంత ఎక్కించారో మరిచిపోయారు.

అల్లుడు మెకానిక్కు. ఇంటి ముందు భాగమే షెడ్డు. పడి ఉన్న ఒక రెండు సిలిండర్ల బండిని కొని, ఏడాదిపాటు విప్పి, అరగదీసి, బిగించి కొత్త ప్రాణం పోశాడు. నిలబడ్డ చోటి నుంచి గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దానికి మూడున్నర సెకన్లు చాలని షెడ్డు షట్టరు మీద ఎర్ర రంగుతో రాశాడు. స్పీడోమీటరు ముల్లు వంద తాకే వీడియో తీసి క్లబ్బువాళ్ళకు పంపాడు. వాళ్ళు నమ్మలేదు. నమ్మకపోతే పోయె, బళ్ళను సర్వీసుకు తేవడమే మానేశారు. సెకన్లు మింగినవాడు ఇంజనాయిలు మింగడా అని క్లబ్బు పెద్ద, మోటారుసైకిళ్ళ షోరూము నడిపే ఆయన, నలుగురిలో అన్న మాట ఊరంతా తిరిగింది.

ఆ షోరూమాయనే ఇప్పుడు మాస్టారిని చూసి చేతులు జోడించుకుంటూ వచ్చాడు.

"నమస్కారం మాస్టారూ! వచ్చే ఆదివారం ఈ గొడవ తేల్చేద్దామనుకుంటున్నాం. బైపాసు రోడ్డు ఇంకా తెరవలేదుగా, అనుమతి తీసుకున్నాం. తీర్పు మాత్రం మీరే చెప్పాలి. మీరు అల్లుడని చూడరని అందరికీ తెలుసు."

మాస్టారు ముప్ఫై ఏళ్ళు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినవారు. ఎవరు ఏ మహిమ, ఏ వింత చెప్పినా "రుజువు?" అని ఒక్క మాట అడగడం వల్ల రుజువుమాస్టారన్న పేరు స్థిరపడింది. ఒప్పుకోవాలో వద్దో తేల్చుకునేలోపే అల్లుడు అక్కడికి వచ్చాడు. అతని ముఖం విప్పారి ఉంది.

"మామయ్యగారు చూస్తానంటే నాకంతకంటే ఏం కావాలండీ!"

ఆ సంతోషమే మాస్టారి గుండెలో ముల్లులా దిగింది. ఎందుకంటే, లెక్క అప్పటికే ఆయన మనసులో సగం తేలిపోయింది.

మిగతా సగం ఇంటికి వెళ్ళాక పాత కాగితం వెనక తేలింది. భార్య ఎదురుగా కూర్చుని కూరగాయలు తరుగుతోంది.

"మళ్ళీ ఎవరి కొంప ముంచుతున్నారు?"

"నేను ముంచేదేముందోయ్. చూడు, బండీ మనిషీ కలిపి ఇంత బరువు. ఇంత బరువు అంత వేగం అందుకోవాలంటే ఇంత శక్తి కావాలి. అది బిందె అనుకో. ఇంజను కుళాయి. సెకనుకు ఇంత ధార మాత్రమే పడుతుంది. మధ్యలో గేరు మార్చినప్పుడల్లా కుళాయి ఒకసారి కట్టెయ్యాలి కూడా. ఎంత ఉదారంగా చూసినా బిందె నిండటానికి అయిదుంపావు సెకన్లు పడుతుంది."

"అబ్బాయి మూడున్నర అన్నాడుగా?"

"అదే కదా మరి."

ఆమె తరిగిన ముక్కల్ని నీళ్ళలో వేసి, గోడ గడియారం వంక చూసింది. అది కిందటేడు అల్లుడు చేసి ఇచ్చింది. బండికి వెనక చక్రం దగ్గర చైను తొడిగే పళ్ళ స్ప్రాకెట్టు పాతదొకటి తీసి, మెరుగు పెట్టి, మధ్యలో ముళ్ళు బిగించాడు. నెలకోసారి దాని దుమ్ము తుడిచే పని మాస్టారిది. ఆ ఇంట్లో సరిగ్గా నడిచే గడియారం అదొక్కటే.

మరునాటి సాయంత్రం కూతురూ అల్లుడూ భోజనానికి వచ్చారు. కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్షించే ఉద్యోగం చేస్తుంది. సన్నని మనిషి, తల్లి పోలిక. మాట మాత్రం తండ్రిలా ముక్కుసూటి. మాస్టారు ఆ వీడియో పెట్టించుకుని పదే పదే చూశారు. తెరనిండా స్పీడోమీటరు, దానికి రెండు పక్కలా హ్యాండిలు పట్టుకున్న నల్లని చేతితొడుగులు. తొడుగుల వేళ్ళ కొసలు కాస్త ఖాళీగా వేలాడుతున్నాయి. ముల్లు నిజంగానే మూడున్నర సెకన్లలో వంద తాకింది. వీడియోలో కత్తిరింపు ఏమీ కనిపించలేదు.

పెళ్ళయిన నాటి నుంచీ అల్లుడిని మాస్టారు "మీరు" అనే పిలుస్తారు. అది మర్యాదో దూరమో ఇంట్లో ఎవరూ అడగలేదు.

"చూడండి," అన్నారు మెత్తగా. "ఇది జరగడానికి వీల్లేదు. అయిదుంపావుకు తగ్గదు. ఆదివారం అందరి ముందూ ఈ మాట చెప్పవలసి వస్తుంది. ఇప్పుడైతే మన నలుగురమే ఉన్నాం."

అల్లుడి చేయి కంచంలో ఆగిపోయింది. "నేను చూశానండీ. ముల్లు వంద మీదికి రావడం కళ్ళారా చూశాను."

"కళ్ళారా చూశామన్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు."

మాట నోరు దాటాక గానీ దాని బరువు ఆయనకు తెలియలేదు. అల్లుడు తల దించుకుని అన్నం కలపసాగాడు. కలిపిందే మళ్ళీ కలిపాడు. కూతురు మంచినీళ్ళ గ్లాసు బల్లమీద ఠక్కున పెట్టింది.

"ఏం నాన్నా, చూపుతో చెంచాలు వంచేవాళ్ళ వరసలో నిలబెట్టావా ఈయన్ని?"

"నేనా మాట అనలేదమ్మా. లెక్క చెప్పాను."

"అవును. నువ్వెప్పుడూ ఏమీ అనవు, లెక్క చెబుతావు. చిన్నప్పుడు బండి నేర్చుకుంటానంటే వద్దన్నావా? లేదే! ఎంత వేగంలో పోతే ఆగడానికి ఎంత దూరం పడుతుందో కాగితం మీద వేసి చేతికిచ్చావు. దానికంటే వద్దనడమే నయం నాన్నా. వద్దంటే పోట్లాడేదాన్ని."

"ఊరుకో," అన్నాడు అల్లుడు ఆమెతో. "మామయ్యగారు ఉన్నదే చెబుతారు." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండునని మాస్టారికి అనిపించింది.

వాళ్ళు వెళ్ళిపోయాక భార్య బల్ల తుడుస్తూ అంది.

"మీరు లెక్క తప్పరు, ఒప్పుకుంటాను. ఆ పిల్లవాడు అబద్ధమాడడు, అదీ నాకు తెలుసు. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎలా ఇముడుతాయో చూడండి ముందు. తీర్పు సంగతి తరవాత."

మోసగాళ్ళను పట్టుకోవడంలో మాస్టారికి మంచి సాధన ఉంది. మోసం చేయని మనిషి నోట అసాధ్యమైన మాట ఎలా వచ్చిందో వెతకడం మాత్రం ఆయనకు కొత్త పని. భార్య చెప్పింది పద్ధతిగానే ఉందనుకుంటూ ఆయన చాలాసేపు గడియారం కింద కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్నే పాత చొక్కా తొడుక్కుని షెడ్డుకు వెళ్ళారు. అల్లుడు లేచి నిలబడి, చేతులు గుడ్డకు తుడుచుకుని, ఒక పెట్టె బోర్లించి దాని మీద శుభ్రమైన గోనె పరిచాడు.

"ఏమీ అనుకోకపోతే చూస్తూ కూర్చుంటాను," అన్నారు మాస్టారు.

"అయ్యో, మీ షెడ్డే అనుకోండి."

మాట పెద్దగా సాగలేదు. పని సాగింది. ఎవరిదో పాత స్కూటరు పని ముగించి, అల్లుడు తన బండి దగ్గరికి వచ్చాడు. స్టాండు మీద ఎత్తి నిలబెట్టి, కిరసనాయిల్లో ముంచిన బ్రష్షుతో చైనును ఒక్కొక్క లింకూ రుద్దాడు. వేలితో చైనును కిందా మీదా ఆడించి వదులు చూశాడు. ఏ నట్టునూ బలంగా లాగడు. చివరి బిగింపు దగ్గర కళ్ళు మూసుకుంటాడు, చేతితో వింటున్నట్టు. ఇలా పనిచేసేవాడు అంకె మాత్రం కల్పించి చెబుతాడా? ఇది రుజువు కాదని మాస్టారికి తెలుసు. అయినా ఆ ఆలోచనను ఆయన పక్కకు నెట్టలేదు.

బండిని చుట్టి వచ్చారు. సీటు స్పాంజి బాగా కోసేసి పలచగా, కిందికి ఉంది. బరువు తగ్గించడానికి కాబోలు అనుకున్నారు.

"మీ బరువెంతండీ?" అని అడిగారు, లెక్కను ఇంకోసారి సరిచూసుకోవడానికి.

"నాదా? తొంభై రెండు. కానీ మామయ్యగారూ, అసలు ఆ రోజు..."

"నాన్నా, కాఫీ!" అంటూ కూతురు ఇంట్లోంచి వచ్చింది. గ్లాసు తండ్రి చేతిలో పెట్టి, భర్త వైపు ఒక చూపు చూసి, ఉద్యోగానికి వేళయిందంటూ వెళ్ళిపోయింది. అల్లుడు మిగతా మాట మింగి మళ్ళీ చైను దగ్గర కూర్చున్నాడు. మాస్టారికి కావలసిన అంకె దొరికింది కనక రెట్టించి అడగలేదు.

అల్లుడు వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ చైనుకు నూనె వేస్తున్నాడు. ఇత్తడి రంగు చైను కింద స్ప్రాకెట్టు పళ్ళు ఒకటొకటిగా వచ్చి పోతున్నాయి. కొలవగలిగిన వస్తువు కనిపిస్తే కొలిచే అలవాటు మాస్టారిది. చక్రం ఆగినప్పుడు వంగి, అరచెయ్యి చాపి జాన పెట్టారు. బొటనవేలు ఒక అంచున ఆనింది. చిటికెన వేలు రెండో అంచును అందుకోలేదు.

ఆయన మళ్ళీ పెట్టి చూశారు. అందలేదు. ఇంట్లో గడియారం దుమ్ము తుడిచేటప్పుడు అంచు నుంచి అంచుకు ఆయన జాన కొలిచి చేసినట్టు సరిపోతుంది.

"ఇది మా గడియారం కంటే పెద్దదే?"

"పెద్దదేనండీ. ఆ గడియారం ఈ బండి పాత స్ప్రాకెట్టే కదా. వెనక పళ్ళు పెంచితే మొదటి లాగుడు బాగుంటుందని ఇది మార్చాను."

"మరి స్పీడోమీటరు ముల్లుకు కబురు ఎక్కడినుంచి వెళ్తుంది?"

"గేరుబాక్సు దగ్గర చిన్న సెన్సారు ఉంటుందండీ. అక్కడ తిరుగుడు చూసి..."

అల్లుడి చేయి చక్రం మీదే నిలిచిపోయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నూనె డబ్బా మూతి నుంచి బొట్టు బొట్టుగా నేల మీద పడుతోంది.

"అక్కడి తిరుగుడు చూసి చక్రం వేగం ఊహిస్తుంది," అన్నారు మాస్టారు నెమ్మదిగా. "పాత స్ప్రాకెట్టు పళ్ళెం ఉందనుకునే ఊహిస్తోంది. కొత్త పళ్ళెంతో గేరుబాక్సు అంతే తిరిగినా చక్రం తక్కువ తిరుగుతుంది. ఆ సంగతి ముల్లుకు ఎవరూ చెప్పలేదు."

"అంటే ముల్లు వంద చూపిస్తే..."

"నిజానికి తొంభై!"

మాస్టారు గోనె మీద నుంచి లేచిన ఊపుకు పెట్టె దొర్లిపోయింది. ఆయన అల్లుడి రెండు భుజాలూ పట్టుకుని కుదిపారు. "నువ్వు అబద్ధమాడలేదోయ్! ఒక్క ముక్క అబద్ధమాడలేదు! నువ్వు చూసింది చూసినట్టే చెప్పావు. తప్పు ముల్లుది!"

తన అనుమానం తప్పని తేలినందుకు ఇంత సంబరపడే మనిషిని అల్లుడు ఎన్నడూ చూసి ఉండడు. "నువ్వు" అనే పిలుపు కూడా ఆ ఇంటి అల్లుడయ్యాక ఆయన నోట వినలేదు. ఒక్క క్షణం అయోమయంగా చూసి, తరవాత నేల మీదే చతికిలబడ్డాడు.

"తప్పు ముల్లుది కాదు మామయ్యగారూ. పళ్ళెం మార్చింది నేను. ముల్లుకు చెప్పవలసింది నేనే. ఊరందరి ముందూ తప్పంకె రాసుకుని కూర్చున్నానన్నమాట."

లేచి, రంగు కరిగించే ద్రావకంలో గుడ్డ తడిపి, షట్టరు సగం దించాడు. ఎర్ర అంకెలు తుడవడం మొదలుపెట్టాడు.

"ఆదివారం పరీక్ష అయ్యేదాకా ఆగవచ్చుగా?" అన్నారు మాస్టారు.

"తప్పని తెలిశాక ఇంకో పూట ఎందుకండీ?"

మాస్టారు ఇంకో గుడ్డ తీసుకున్నారు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి తుడిచారు. రంగు ఊడింది గానీ, అంకె ఉన్నచోట షట్టరు కొంచెం ఎక్కువ తెల్లగా మిగిలింది.

శనివారం సాయంత్రం మాస్టారు మళ్ళీ అటు వెళ్ళేసరికి వంటగదిలో మొగుడూ పెళ్ళాలిద్దరూ గొంతు తగ్గించి వాదించుకుంటున్నారు. "చెప్పేద్దామే, ఆయన ఇప్పుడు మునపటిలా లేరు," అంటున్నాడు అల్లుడు. "రేపు అక్కడే చెబుతాను," అంటోంది కూతురు. పళ్ళెం సంగతి క్లబ్బువాళ్ళకు ఎలా చెప్పాలా అని మథనపడుతున్నారని మాస్టారు జాలిపడి, గుమ్మం దగ్గర నుంచే వెనక్కి మళ్ళారు.

తెరవని బైపాసు రోడ్డు ఆదివారం ఉదయపు ఎండలో ఖాళీగా, తిన్నగా ఉంది. క్లబ్బు అంతా వచ్చింది. మాస్టారి భార్య కూడా గొడుగు వేసుకుని వచ్చింది. షోరూమాయన ఉపగ్రహాల ఆధారంతో వేగమూ, అది అందుకోవడానికి పట్టిన సెకన్లూ చెప్పే చిన్న పెట్టె తెచ్చి బండికి కట్టాడు. చక్రంతో ఏ చుట్టరికమూ లేని యంత్రం కనక మాస్టారు దాన్ని ఆమోదించారు.

ఎవరూ అడగకముందే అల్లుడు మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. పళ్ళెం మార్చడం, ముల్లు ఎక్కువ చూపడం అంతా చెప్పాడు. "కావాలని చేసింది కాదు. కానీ మూడున్నర తప్పు. షట్టరు మీద తుడిచేశాను," అని ముగించాడు.

నవ్వడానికి సిద్ధంగా వచ్చినవాళ్ళకు ఏం చేయాలో తోచలేదు. ఒకడు తన బండి వెనక చక్రం వంక అనుమానంగా వంగి చూసుకున్నాడు. అతనిదీ మార్చిన స్ప్రాకెట్టే.

"అయితే అసలెంత మాస్టారూ?" అన్నాడు షోరూమాయన.

మాస్టారు పాఠం చెప్పే గొంతు తెచ్చుకున్నారు. "అయిదుంపావు. అంతకంటే పిసరు కూడా తగ్గదు. బండి తక్కువదని కాదు, ప్రకృతి ఒప్పుకోదు."

అప్పుడు కూతురు దళసరి కోటు గుండీలు పెట్టుకుంటూ వచ్చింది. చేతిలో హెల్మెట్టు ఉంది. మొగుడికి అందించడానికి తెస్తోందనుకున్నారు మాస్టారు. ఆమె దాన్ని తన తలకే పెట్టుకుంది.

"నువ్వెందుకమ్మా?"

"వీడియోలో ఉన్నవి నా చేతులే నాన్నా."

నల్లని చేతితొడుగులు తొడుక్కుంది. అవి భర్తవి. వేళ్ళ కొసలు ఖాళీగా వేలాడాయి.

పలచని సీటు, తొంభై రెండు దగ్గర ఆగిపోయిన మాట, వంటగది గుసగుసలు అన్నీ మాస్టారి కళ్ళ ముందు తిరిగాయి. తొడుగుల కొసలు ఎన్నిసార్లు చూశారో! ప్రతి దానికీ రుజువు అడిగే మనిషి, బండి ఎవరు నడిపారన్న ఒక్క ప్రశ్న అడగనే లేదు.

"అమ్మా, ఆ వేగంలో ఆగడానికి పట్టే దూరం..."

"నువ్వు ఆ రోజు కాగితం మీద వేసిచ్చావుగా. నాకు కంఠతా వచ్చు. దానికి పదింతల ఖాళీ రోడ్డుందని నిన్ననే ఇద్దరం నడిచి చూసుకున్నాం." ఆమె బండి ఎక్కి, రెండు పాదాలూ నేల కానించి తండ్రి వైపు చూసింది. "నువ్వు జెండా దించితే గానీ వెళ్ళను నాన్నా. తీర్పరివి కదా."

మాస్టారి చేతిలో ఎర్ర గుడ్డ ఉంది. అది షట్టరు తుడిచిన గుడ్డే. దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటే పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. ఎవరూ తప్పుపట్టరు. అందరూ చూస్తున్నారు. అల్లుడు మాత్రం ఆయన వైపు చూడకుండా, చైను వదులు మరోసారి వేలితో చూసి, ఆమె మోకాలి మీద ఒకసారి తట్టి పక్కకు తప్పుకున్నాడు.

మాస్టారు చెయ్యెత్తారు. చాలాసేపు ఎత్తే ఉంచారు. దించారు.

వెనక టైరు ఒక్కసారి కీచుమంది, ముందు చక్రం నేలను వదలనా మాననా అన్నట్టు తేలికైంది. ఆ తరవాత చప్పుడు మాత్రమే మిగిలి, బండి చిన్నదైపోయింది. దూరాన బ్రేకు దీపం వెలిగింది. సాఫీగా, తొందరలేకుండా ఆగింది.

ఆమె తిరిగి వచ్చాక షోరూమాయన పెట్టె తెర చూసి, కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూశాడు.

"నాలుగు పాయింట్ మూడు."

ఎవరో ఈల వేశారు. ఆ తరవాత అందరి చూపులూ మాస్టారి మీదికి మళ్ళాయి. "మరి ప్రకృతి ఒప్పుకోదన్నారు మాస్టారూ?" అన్నాడు షోరూమాయన.

"ప్రకృతి ఒప్పుకుంది. నేను దాన్ని సరిగ్గా అడగలేదు," అన్నారు మాస్టారు. "తొంభై రెండు కిలోల మనిషిని కూర్చోబెట్టి లెక్క కట్టాను. నడిపేది మా అమ్మాయి అని నాకు తెలియదు. తెలుసుకోలేదు. అల్లుడి అంకె ఎంత తప్పో నా అంకె కూడా ఇంచుమించు అంతే తప్పు. అతను అడగకముందే తుడిచేశాడు. నేను అడిగించుకున్నాక తుడుస్తున్నాను."

ఈసారి నవ్విన నవ్వు వేరు. షోరూమాయన అల్లుడి దగ్గరికి వెళ్ళి, నేల చూపులు చూస్తూ, తన సొంత బండి గేరు మూడోది సరిగ్గా పడటం లేదని, రేపు తెస్తే చూస్తావా అని అడిగాడు. "తీసుకురండి. ముందు మీ వెనక స్ప్రాకెట్టు చూస్తాను," అన్నాడు అల్లుడు, ఈసారి భుజాలు కదిలేలా నవ్వి.

మాస్టారు మాత్రం బండి పక్కనే నిలబడి పెదవుల కిందే ఏదో గొణుక్కుంటున్నారు. కూతురి బరువు పెట్టి మళ్ళీ లెక్క కడితే నాలుగున్నర దగ్గర తేలుతోంది. ఆ చివరి కాస్త ఏ సూత్రంలోనూ ఇమడటం లేదు.

"ఆ మిగతా, సెకనులో రెండు పదో వంతులు, ఎక్కడివమ్మా?"

"క్లచ్చులో నాన్నా. వదిలే తీరులో ఉంటుంది. చెబితే తెలిసేది కాదు. ఎక్కు."

"నేనా?"

"భయపడకండి," అంది గొడుగు కింద నుంచి భార్య. "సీటు వెనక పట్టుకోవడానికి కడ్డీ ఉంది. మలుపులో మాత్రం అమ్మాయి ఎటు వంగితే మీరూ అటే వంగాలి. నేను మొదట్లో ఎదురు వంగి తిట్లు తిన్నాను."

మాస్టారు భార్య వైపు తిరిగారు. "నువ్వెప్పుడు ఎక్కావు?"

"మార్కెట్టుకు వెళ్ళినప్పుడల్లా. మీరు సంచీలో ఏం తెచ్చావని అడుగుతారు గానీ, ఎలా వచ్చావని ఎన్నడైనా అడిగారా?"

అల్లుడు తన హెల్మెట్టు తెచ్చి మామగారి తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించాడు. చివరి బిగింపు దగ్గర కళ్ళు మూసుకున్నాడు. మాస్టారు ఒక కాలు ఎత్తి, తడబడి, అల్లుడి భుజం ఆసరాతో వెనక కూర్చున్నారు. కడ్డీ కోసం వెతికిన చేతులు దాన్ని వదిలేసి కూతురి కోటు పట్టుకున్నాయి.

ఆమె తల సగం తిప్పింది. "ఇప్పుడు మనిద్దరి బరువూ కలిపితే ఎంత పడుతుందో లెక్క కట్టు నాన్నా."

"ముందు బండి పోనియ్యమ్మా," అన్నారు మాస్టారు. "తిరిగొచ్చాక లెక్క కడతాను."